అక్క మూతి పెట్టిన కప్పు

మార్గశిరం, ఆదివారం సాయంత్రం, తిరుపతి. ఉన్నవాళ్లు: అక్క, అక్క కూతురు, నేను.

ఏళ్లనాటి నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. నిన్న చిత్తూరులో ఒక పెళ్లి విందులో, కాఫీ కోసం నిలబడితే పోసే అమ్మాయి "హాట్ చాక్లెట్ కూడా ఉండాది సార్, పోయమంటారా?" అంది. వద్దని పక్కకు వచ్చేశాను. వాసన మాత్రం ఇంటిదాకా వెంట వచ్చి, ఆ పాత డైరీ తీయించింది.

అక్కది పూతలపట్టు. గొంతులో క్యాన్సర్ గడ్డకు తిరుపతిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకున్నాక మజ్జిగ మొదలు ఊరగాయ దాకా ఆమెకు అన్నీ బూడిద రుచే. ఒక్కసారి, ఆస్పత్రి నుంచి వస్తూ ఒక హోటల్లో కూతురు తాగించిన హాట్ చాక్లెట్‌లో మాత్రం చేదు తెలిసింది. "చేదు తెలిసిందబ్బా!" అని ఫోన్లో లాటరీ తగిలినట్టు చెప్పింది. తర్వాత గొంతు పుండై, నీళ్లు దిగడమే కష్టమైంది. ఆ ఆదివారం పొద్దున, రేపటికి నోటితో తాగడం మొదలుపెట్టకపోతే ముక్కులో గొట్టం వేస్తామని డాక్టరు చెప్పేశాడు. మా నాయన ఆఖరి రోజులు అలాంటి గొట్టంతోనే గడిచాయి. అక్క ఆ మాట ఎత్తనిచ్చేది కాదు.

ఆ చాక్లెట్టే అయితే తాగుతానంది. వెతుక్కుంటూ పోతే ఆ హోటల్ ఉన్న చోట సెల్‌ఫోన్ల అంగడి ఉంది. ఇక ఊరంతా తిరిగాం. ఇంకో చిక్కు కూడా ఉంది. కప్పుకు పెదవులు ఆనించి కొంచెం కొంచెంగా తాగాలని, ఎత్తి పోసుకుంటే పొరమారుతుందని డాక్టరు హెచ్చరించాడు. మా ఇంట్లో లోటాకు మూతి పెట్టిన వాళ్లు లేరు. ఎంగిలి విషయంలో అక్క మా అమ్మను మించింది. చిన్నప్పుడు నేను కొరికిన జామకాయ ముక్క కూడా ముట్టేది కాదు.

మొదటి హోటల్లో కప్పు మీద గోపురంలా నురగ తెచ్చారు. "తమ్ముడా, దీంతో నువ్వు గడ్డం గీక్కోవచ్చు" అంది అక్క బొంగురుగా. ఇంకోచోట వట్టి చక్కెర పాకం. ఆమె లోటా అడిగి, అలవాటుగా ఎత్తి పోసుకుంది. పొరమారి, కళ్లు తేలేసేదాకా దగ్గింది.

"మూతి పెట్టి తాగమ్మా" అని కూతురు ఏడుపు గొంతుతో అంది.

"ఎంతమంది మూతులో ఆ కప్పుకు! నేనేమన్నా పిల్లినా?"

తిరుచానూరు రోడ్డులో ఒక చిన్న హోటల్లో, నురగ లేకుండా, నల్లగా, పలచగా వచ్చింది. ముందు నేను మూతి పెట్టి రుచి చూశాను. చేదు. "ఇదే అయ్యుంటుంది అక్కా" అన్నాను. వేరే కప్పు తెప్పిస్తానని కూతురు లేవబోయింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. నేను తాగిన కప్పునే రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు ఆనించింది. ఒక గుక్క దిగింది. చాలాసేపటికి ఇంకొకటి. సగం అయ్యాక కప్పు నావైపు జరిపి, "తాగరా, సల్లారిపోతాది" అంది.

తాగాను.

మరుసటి రోజు పొద్దున, అర కప్పుతో మనిషి నిలబడదని డాక్టరు గొట్టం వేయించేశాడు. మాట్లాడలేక అక్క నాకేసి చూసి, నాలుకతో పెదవులు తడుపుకుంది. ఆమెకు ఆ చేదు నిలిచింది ఒక్క రాత్రి. నాకైతే ఇన్నేళ్లుగా నిలిచే ఉంది.