కలరా సూది కుదిర్చిన పెళ్లి

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో, భయాన్ని ఇళ్లలో అడగకుండానే విస్తరి నిండా వడ్డించేవాళ్లు. నాయనంటే భయం, అయ్యవారంటే భయం, ఎండాకాలం వస్తే అమ్మవారంటే భయం, వానాకాలం వస్తే కుందూ నది పొంగుతుందని భయం. మా నంద్యాలలో నా ఈడువాళ్లంతా ఎవరి వాటా వాళ్లు తిని అరిగించుకుని, మీసాలొచ్చేసరికి మగవాళ్లలా తిరిగేవాళ్లు. నాకెందుకో అది అరగలేదు. ఇరవై దాటినా, వీధిలో ఎవరైనా గట్టిగా దగ్గితే నన్నే పిలుస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. అలాంటివాడికి దొరికిన మొదటి ఉద్యోగం, జనాన్ని భయపెట్టేది. తిరునాళ్లకు పోయే వాళ్లకు కలరా సూదులు వేయాలి. మా ఇన్‌స్పెక్టరు మాకు ఆ విద్య వంకాయల మీద నేర్పించాడు. (వంకాయ కళ్లెర్రజేయదు, నీదే ఊరని అడగదు. అందుకని బాగానే నేర్చుకున్నాను. మిగిలిన వంకాయలు ఇంటికి తీసుకుపోతే మా అమ్మ మాత్రం కూర చేయనంది.)

ఆ ఏడు అహోబిలం తిరునాళ్లకు మమ్మల్ని ఆళ్లగడ్డకు పంపారు. అహోబిలం దారి మొదట్లో, ఒక చింతచెట్టు కింద బల్ల వేసి, స్పిరిటు దీపం వెలిగించి, సూదులు ఉడకబెట్టే గిన్నె పెట్టుకుని కూర్చున్నాం. సూది వేయించుకోనివాణ్ణి ముందుకు పోనివ్వకూడదు, అది హుకుం. ఇన్‌స్పెక్టరు ఉన్నంతసేపూ ఏ చిక్కూ లేదు, ఆయన గొంతు చాలేది. మిట్టమధ్యాహ్నం ఆయన భోజనానికి పోతూ, "ఒక్కణ్ణి కూడా వదలొద్దు, కలెక్టరొచ్చినా సరే," అని చెప్పిపోయాడు. ఆయన అటు పోయి బల్ల దగ్గర నేనొక్కణ్ణే మిగలడం, ఇటు ఊళ్లోనుంచి ఒక గూడుబండి రావడం ఒకేసారి జరిగాయి.

బండిలోంచి దిగినాయనను చూడగానే నేను బల్ల వెనక్కి జరిగాను. ఆరడుగుల మనిషి, గుబురు మీసాలు, భుజాన ఎర్రంచు తువ్వాల. ఆళ్లగడ్డలో ఆయన్ను ఉరుమాయన అనేవాళ్లని తర్వాత తెలిసింది. ఆ పేరు ఎందుకొచ్చిందో మాత్రం అప్పుడే తెలిసింది.

"ఏందప్పా, బండి ఏంటికి నిలిపినావ్?" అన్నాడు. చెట్టు మీద కాకులు లేచిపోయాయి.

"సూది వేయించుకోవాల పెద్దాయనా. రూలు," అన్నాను.

"నాకా? సూదా? నేను పుట్టినప్పుట్నించీ ఈ దావన పోతాండా. స్వామి దగ్గరికి పోయేదానికి నీ సూదేంది?"

నేను పక్కకు తప్పుకోబోతున్నాను. (ఇన్‌స్పెక్టరుతో ఏం చెప్పాలో కూడా అప్పటికే అల్లుకున్నాను.) అంతలో బండిలోంచి ఒక అమ్మాయి దిగి, జాకెట్టు చెయ్యి కొద్దిగా పైకి జరుపుకుని నా ముందు నిలబడింది. "నాకు ముందు ఏయండి. నాయనకు ఆనెక ఏద్దురు," అంది.

అప్పటిదాకా వంకాయలు, తర్వాత కొందరు ముసలాళ్లు తప్ప ఇలాంటి చెయ్యి నేను చూసినవాణ్ణి కాదు. దూదితో స్పిరిటు రాస్తుంటే నా చెయ్యి వణికింది. ఆమె అది చూసి, తండ్రికి వినపడకుండా, "మీ చెయ్యి వణుకుతాండాది. ఫరవాలేదు, పొడవండి," అంది. పొడిచాను. ఆమె కన్ను కూడా మూయలేదు. నా వంక చూసి కొంచెం నవ్వింది. ఆ నవ్వును అక్కడే నిలబడి ఆలోచించుకుందామనుకున్నాను గానీ తీరిక దొరకలేదు. కూతురు ముందు వెనక్కి తగ్గలేక ఉరుమాయన చొక్కా చెయ్యి మడుచుకుని వచ్చి నిలబడ్డాడు. నేను సూది దించాను, తీశాను. "అయిపోయింది పెద్దాయనా," అని తలెత్తేసరికి ఆయన కళ్లు తేలవేశాడు. ఆ ఆరడుగుల మనిషి నరికిన మానులా బల్ల మీద పడ్డాడు. బల్ల, గిన్నె, సూదులు, దూది, దీపం అన్నీ ఆయనతోపాటు నేల మీదికి వచ్చాయి.

మనిషి చచ్చిపోయాడనుకున్నాను. నేనే చంపాననుకున్నాను. నంద్యాల ఏ దిక్కున ఉందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను, రాలేదు. బల్ల కాలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి మాత్రం బండిలోంచి చెంబు తెచ్చి తండ్రి ముఖాన నీళ్లు చల్లింది. మూగిన జనంతో, "ఎండదెబ్బ. పొద్దున్నించీ ఒక్కపొద్దుండాడు మా నాయన. గాలి రానీండి, జరగండి," అని గట్టిగా చెప్పింది. బండిలోంచి దిగివచ్చిన వాళ్లమ్మ కొంగుతో విసిరింది. కొంచెంసేపటికి ఆయన కళ్లు తెరిచాడు. ఆ కళ్లకు మొదట కనపడింది నేను.

"నీదే ఊరు?" అన్నాడు నెమ్మదిగా. ఉరిమినప్పటికంటే ఆ నెమ్మదే ఎక్కువ భయపెట్టింది.

నంద్యాలన్నాను. యాడ అన్నాడు. వీధి చెప్పాను. అడగకుండానే ఇంటిపేరు, మా నాయన పేరు, మా తాత పేరు, మేనమామల ఊరు కూడా చెప్పేశాను. (భయం వేస్తే నేను ఏదీ దాచుకోలేను.) ఆయన అన్నీ విని, మీసాలకు అంటిన దూది తీసేసుకుని, "కనుక్కుంటాలే," అన్నాడు. బండెక్కాడు. బండి అహోబిలం వైపు పోయింది.

ఆ ఒక్క మాట నన్ను కొన్ని నెలలు నిద్రపోనివ్వలేదు. ఏం కనుక్కుంటాడు? ఎందుకు కనుక్కుంటాడు? నలుగురిలో తన పరువు తీసినవాణ్ణి ఆళ్లగడ్డ మనిషి ఊరికే వదులుతాడా? నంద్యాల బజారులో ఎర్రంచు తువ్వాల కనపడితే సందులోకి మళ్లేవాణ్ణి. అలా ఉండగా ఒకరోజు మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న సాయిబు నన్ను పిలిచాడు. ఆయన మా ఇంట్లో అందరికీ బట్టలు కుట్టేవాడు, నన్ను చిన్నప్పటినుంచీ ఎరుగును.

"అబ్బీ, ఆళ్లగడ్డనించి ఇద్దురొచ్చినారు. నీ గురించి అడిగినారు. ఏ పొద్దుకు ఇంటికొస్తాడు, ఎవురితో తిరుగుతాడు, తాగుడుందా, పేకాటుందా అని."

"నువ్వేం చెప్పినావ్ సాయిబూ?"

"ఉండేదే చెప్పినా. సాయంత్రం దీపాలు పెట్టే యాళకు ఒక్కడే ఈ దావనే వస్తాడు, తోడెవురూ ఉండరు అని చెప్పినా. మంచోడని కూడా చెప్పినాలే."

ఒక్కడే వస్తాడు, తోడెవురూ ఉండరు. ఇంతకంటే వాళ్లకు కావలసిందేముంది? మర్నాడే కడుపునొప్పి అని చెప్పి నందికొట్కూరులో మా చిన్నమ్మ ఇంటికి పోయి పడుకున్నాను. ఆమె వాముకషాయం పోసింది, రోజూ పోసింది. దాన్ని తాగలేక నిజంగానే కడుపునొప్పి వచ్చింది. చివరికి మా నాయన స్వయంగా వచ్చాడు. "ల్యాయ్, సంబంధమొచ్చింది. ఎల్లుండి పిల్లను సూసేకి పోవాల," అన్నాడు.

"ఏ ఊరు నాయనా?"

"ఆళ్లగడ్డ. పెద్ద కుటుంబం. వాళ్లే మనిషిని పంపి అడిగించినారు."

నాకు అంతా అర్థమైందనుకున్నాను. నేను చిక్కడం లేదని నేనే నడిచి వచ్చేలా చేస్తున్నాడు ఆ పెద్దమనిషి. ఈ సంగతి మా నాయనకు చెప్పాలంటే, తిరునాళ్లలో ఒక మనిషిని పడగొట్టానని ముందు చెప్పాలి. అందుకు ఆయనంటే భయం. అటు ఒక భయం, ఇటు ఒక భయం పెట్టి చూసుకుంటే మా నాయనంటే ఉండేదే పెద్దదనిపించి, నోరు మూసుకుని బస్సెక్కాను. దారిలో చక్రం పంక్చరు కావాలని మొక్కుకున్నాను. శిరివెళ్ల దగ్గర నిజంగానే అయింది. దేవుడున్నాడనుకున్నాను. డ్రైవరు చక్రం మార్చి మళ్లీ బయల్దేరదీశాడు.

ఉరుమాయన వసారాలో కొడవలితో టెంకాయలు కొడుతున్నవాడు లేచి ఎదురొచ్చాడు. మా నాయనకు చేతులు జోడించి, నన్ను చూపిస్తూ, "ఈ పిల్లోడు నాకు తెలిసినోడే," అన్నాడు. మా నాయన నా వంక చూశాడు. నేను దూలం వంక చూశాను. అమ్మాయి బొరుగులు, బజ్జీలు తెచ్చి పెట్టింది, తర్వాత కాఫీ లోటాను గిన్నెలో పెట్టి నా చేతికిచ్చింది. లోటా గిన్నెలో టకటకా కొట్టుకుంది. "ఇంగా తగ్గల్యా?" అంది తల వంచుకునే. అంతలో ఉరుమాయన లేచాడు. "అబ్బీ, పా, ఎద్దులను సూపిస్తా," అన్నాడు. కొడవలి చేతిలోనే ఉంది.

గొడ్లపాక ఇంటి వెనక ఉంది. అక్కడ రెండు ఎద్దులు, ఆయన, నేను. ఆ నలుగురిలో చిన్నవాణ్ణి నేనే.

"ఆ పొద్దు జరిగింది ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు పెద్దాయనా."

"మీ నాయనకు?"

"లేదు."

"ఏంటికి చెప్పల్యా?"

"భయమేసింది," అన్నాను.

ఆయన కొడవలిని పలుపు కట్టిన గూటంలో గుచ్చి, ఎద్దు మెడ గోకడం మొదలుపెట్టాడు. తర్వాత నా వైపు చూడకుండా చెప్పాడు. "నేను పిల్లోణ్ణిగా ఉన్నప్పుడు ఊళ్లో ప్లేగొచ్చింది. సూదులేసేకి వచ్చినారు. మా అన్నకు ఏసినారు, నాకు ఏసినారు. నాకు జరమొచ్చి పోయింది. మా అన్న పోయినాడు. సూదితోనే పోయినాడో, జబ్బుతోనే పోయినాడో ఎవురికి తెలుసు. ఆ పొద్దు నువ్వు నాకు పొడిచినందుకు నేను పడల్యా. నా బిడ్డకు పొడిచినావ్ సూడు, అప్పుడే నాకు కండ్లు తిరిగినాయి. నిలబడి ఉండాలని నిలబడినా."

నేను రెండో ఎద్దు మెడ గోకబోయాను. అది మేత ఆపి నా వంక చూసింది.

"మా పిల్ల నిన్ను సూసి నవ్వింది. పడిపోయేముందు సూసినా. అది ఎవుర్ని సూసీ నవ్వదు. అందుకని నీ సంగతి కనుక్కోమని మనుషులను పంపిచ్చినా." ఆగి, నా భుజం మీద చెయ్యేశాడు. నేను కొద్దిగా కిందికి దిగాను. "సూదికి బయపడినా అనే మాట మాత్రం బయటికి రాగూడదు. ఊళ్లో నేను తలెత్తుకోని తిరగాల."

పెళ్లి ఖాయమైంది. నా భయం మాత్రం తీరలేదు, చోటు మారింది. ఆ రోజు చెట్టు కింద మూగిన జనంలో ఎవరో ఒకరు పెళ్లికి రాకపోరు, నోరు జారకపోరు. జారితే మామ ఆ మాట నానుంచే బయటికి పోయిందనుకుంటాడు. పెళ్లిపీటల మీద కూర్చుని నేను మంత్రాలు వినలేదు, వచ్చిన వాళ్ల ముఖాలు వెతుకుతూ ఉన్నాను. నేను వెతికిన మనిషి తాళి కట్టబోయే ముందు దొరికాడు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన నన్ను పరీక్షగా చూసి, చెవిటివాడు కావడంతో అందరికీ వినపడేలా పక్కవాణ్ణి అడిగాడు.

"ఈ పిల్లోడు తిరునాళ్లలో సూదులేసే అబ్బి గదప్పా? ఉరుమాయన ఎండదెబ్బకు పడింది ఈ పిల్లోని కాడనే గదా? అది ఎండదెబ్బేనా?"

మేళం వాయించేవాళ్లు ఆగిపోయారు. ఎవరో మూతికి తువ్వాల అడ్డం పెట్టుకున్నారు. మామ లేచి నిలబడ్డాడు. నా చేతిలో మంగళసూత్రం ఉంది, పారిపోవడానికి వీల్లేదు. పక్కన ఆమె ఊపిరి బిగబట్టడం తెలుస్తోంది. తిరునాళ్ల రోజు జంకని మనిషి భయపడుతోందని తెలిసేసరికి నాకు ఇంకా భయం వేసింది.

మామ పందిరంతా ఒకసారి చూశాడు. కూతుర్ని చూశాడు. తర్వాత అన్నాడు: "ఎండదెబ్బ గాదు. సూదికి బయపడి పడిపోయినా. ఈ పిల్లోడే నీళ్లు సల్లి నన్ను లేపినాడు. ఇంగ వాయించండి."

నీళ్లు చల్లింది ఎవరో ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసు, నాకు తెలుసు. (నేను ఆ సమయంలో బల్ల కాలు పట్టుకుని ఉన్నాను.) ఎవరూ నవ్వలేదు. డోలు మళ్లీ మొదలైంది. నేను మూడు ముళ్లూ వేశాను. ఎలా వేశానో తెలియదు గానీ ఇంతవరకూ ఊడలేదు.

సాయంత్రం అప్పగింతలప్పుడు ఆడవాళ్లంతా ఏడ్చారు. మామ బస్సు దాకా వచ్చి, మమ్మల్ని వదిలేసి డ్రైవరు దగ్గరికి పోయి, "నిదానంగా తోలప్పా," అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

ఆళ్లగడ్డ దాటి, జొన్నచేలు దాటి, శిరివెళ్ల దాకా ఆమె ఏడుస్తూనే ఉంది. తర్వాత అలసిపోయి, తనకు తెలియకుండానే నా భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. బస్సులో వాళ్లంతా చూస్తున్నారు, మా నాయన కూడా చూస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోవలసినవాణ్ణి. కానీ నాకు అప్పుడు ఉన్నది ఒకే భయం, కదిలితే ఆమె లేస్తుందని. భుజం తిమ్మిరెక్కింది, మెడ పట్టేసింది, ముక్కు మీద ఈగ వాలి వీలైనంతసేపు ఉండి తీరిగ్గా పోయింది. నంద్యాల వచ్చేదాకా అప్పటి నేననే ఆ కుర్రవాడు బొమ్మలా కూర్చునే ఉన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే వాడి మీద నవ్వొస్తుంది. అన్ని భయాల్లోకీ అదొక్కటే వాడికి సరైన చోట వేసిందనిపిస్తుంది.