నేను పక్కకు పంపిన తల్లి

అక్షరానికి అధిదేవతయైన వాణికి తలవంచి, ఇన్నాళ్లు దాచినదానిని దాచక వ్రాసే నిబ్బరాన్ని మాత్రమే వేడుకొని ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాను. విశ్వావసు నామ సంవత్సరం, కార్తీక బహుళ తదియ. ఆ ఉదయం జనగామలో మా ఇంటి వసారాలో కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండగా భూపాలపల్లి నుండి ఫోను వచ్చింది. నలభై రెండేళ్ల నా శిష్యురాలు. గొంతులో పండుగ ఉంది.

"సారూ, సినిమావాళ్లు మళ్ల వచ్చిన్రు. మొదటిసారి తీసిన పాత రీళ్లు దొరికినయట. అండ్ల మా అవ్వ ఉంటదేమో సూద్దామంటున్నరు. నాకేమో అవ్వ మొకం యాదికి లేదు. మా మేనమామ గూడ పాయె, ఊర్ల గప్పటోళ్లు గూడ ఎవలు లేరు. గుర్తువట్టెటోళ్లు ఇగ మీరే. జర రావాలె."

వస్తానన్నాను. ఆ రీళ్లలో ఆమె తల్లి ఉండదని ఈ లోకంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ సినిమా సంగతి కొంత చెప్పాలి. ముప్పై అయిదేళ్ల క్రితం, నెల్లికుదురు దాపున ఒక చిన్న ఊరిలో నేను బడిపంతులుగా ఉన్న రోజులలో, హైదరాబాదు నుండి ఒక యువతి కెమెరాతో దిగింది. ఏడేళ్ల పిల్లలను కొందరిని ఎంచుకొని, ఏడేళ్లకొకసారి వచ్చి, వాళ్లు ఏమి తింటున్నారో, ఏమి కోరుకుంటున్నారో అడిగి చిత్రిస్తుందట. నడివయసు వచ్చేదాకా విడిచిపెట్టదట. కథ లేదు, కొట్లాట లేదు. "పాటలు లేని సినిమా ఎవలు సూస్తరు బిడ్డా?" అని ఊరి పెద్దలు ఆమెపై జాలిపడ్డారు. ఆమె మాత్రం మాట తప్పలేదు. ఈలోగా మా జిల్లాయే నిలకడ తప్పింది. అప్పుడు అందరమూ ఒకే జిల్లావాళ్లం. ఇప్పుడు నా శిష్యురాలు పుట్టిన ఊరు మహబూబాబాదుకు, మెట్టిన ఊరు భూపాలపల్లికి, నేను జనగామకు చెందిపోయాము.

మా బడి నుండి ఆ పిల్లను ఎంచింది నేనే. ఒక్కసారి వింటే పద్యం ఒప్పజెప్పేది. బడి, బోరింగు తీసిన రోజులలో ఆ పిల్ల తల్లి పొరుగూరికి కూలికి పోయి ఉంది. చివరినాడు బృందాన్ని వెంటబెట్టుకొని వాళ్ల ఇంటికి పోయాను. వాకిట మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చొని తల్లి మొక్కజొన్న నూకతో మక్కగటక కలుపుతున్నది. అన్నం దొరకని ఇళ్లలో పొద్దుటి తిండి అదే. ఆమె చీర భుజం మీద జానెడు చిరుగు. ఒకప్పుడు పచ్చదారంతో వేసిన కుట్టు మళ్లీ విడిపోయి ఉంది. నేనా, ప్రబంధాలలోని పురవర్ణనలన్నీ కంఠస్థం చేసినవాణ్ణి. ఊరన్న తరువాత పాడిపంటలతో తులతూగుతూ కనబడవద్దా? దేశమంతా చూడబోయే చిత్రంలో మా ఊరు ఒక గటక కుండ, ఒక చిరుగు చీరగా నిలిచిపోవుటయా అని నా పాండిత్యం లోలోపల నొచ్చుకున్నది. కెమెరా ఇంకా తెరవకముందే ఆమె దగ్గరికి పోయి, మెల్లగా, మర్యాదగానే, "కుండ తీసుకొని జర గోడ వెనుకకు పోమ్మా" అన్నాను. ఆమె వేడి కుండను కొంగుతో పట్టుకొని, "మంచిది సారూ" అని వెళ్లిపోయింది. బిడ్డ ఒక్కతే గుమ్మంలో నిలబడి నవ్వింది. ఎంత ముచ్చటైన దృశ్యమని పదిమందీ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. తరువాత రెండేళ్లకే ఆ తల్లి వానకాలపు జ్వరంతో పోయింది. తండ్రి అంతకుముందే పోయాడు. ఆ ఇంట ఎవరూ ఏనాడూ ఫోటో దిగి ఎరుగరు. పిల్ల మేనమామ పంచన పెరిగింది.

భూపాలపల్లిలో ఇప్పుడామె బొగ్గుబావి పనివాళ్లకు అన్నం పెట్టే చిన్న మెస్సు నడుపుతున్నది. మధ్యాహ్నపు రద్దీ పలచబడ్డాక, జుట్టు నెరిసిన దర్శకురాలు ఒక బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. నా శిష్యురాలు చేతులు తుడుచుకొని నా పక్కన ఒదిగి కూర్చున్నది. చివరి బల్ల నుండి ఒకాయన "అక్కా, పప్పు!" అని కేకవేశాడు. "గిన్నెల ఉన్నది, చేతులున్నయి గద, ఏసుకో! నేను మా అవ్వను సూస్తున్న" అని కసిరింది.

తెర మీద బడి, మేకలు, బోరింగు దగ్గర నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు కదలిపోయారు.

"గీమెనా సారూ?"

"కాదమ్మా."

"మరి గా ఎర్రచీరామె?"

"కాదు."

నేను కాదన్న ప్రతిసారీ ఆమె భుజం నా భుజానికి ఆనుకొని కొంచెం కుంగేది. ఆఖరి రీలులో ఒకామె బిందె ఎత్తుకుంటూ, సగం ముఖం ఇటు తిప్పి నవ్వింది. నిండైన చీర, శుభ్రమైన ముఖం. "గీమె?" అన్న ఆ గొంతు నలభై రెండేళ్లది కాదు, ఏడేళ్లది.

"అవును" అన్నాను.

ఆమె నా మోకాలు పట్టుకొని ఏడ్చింది. "సూడున్రి, నవ్వుతున్నది మా అవ్వ!" అని మెస్సులో ఉన్న నలుగురినీ పిలిచి చూపింది. వారం తిరగకముందే ఆ బొమ్మను పటం కట్టించి దేవుళ్ల సరసన పెట్టింది. కెమెరా ముందు పటం చేతబట్టుకొని "గిదే మా అవ్వ" అని చెప్పిందట. ఈ మాట దర్శకురాలే ఫోనులో చెప్పి, నాకు కృతజ్ఞతలు కూడా తెలిపింది.

రెండు నెలలు తర్జనభర్జన పడ్డాను. "సంతోషంగ ఉన్న పిల్లను ఎందుకు కదిలిస్తరు? మనసు కుదురుగ లేకుంటె మజ్జిగ తాగున్రి" అని మా ఇంటావిడ తేల్చివేసింది. దయతో ఆడిన అబద్ధమని నాకు నేను ఎన్నో సమాధానాలు చెప్పుకున్నాను. కాని మేమందరం పోయాక కూడా ఆ చిత్రం ఉంటుంది. అందులో ముక్కూమొహం తెలియని ఒకామె ఆ బిడ్డకు తల్లిగా ఉండిపోతుంది. ఒకనాడు తల్లిని తీసివేశాను. ఇప్పుడు ఆమె లేని ఖాళీని కూడా తీసివేశాను.

పుష్య బహుళ పంచమి నాడు భూపాలపల్లి వెళ్లి, చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆమె ఎదుట కూర్చొని, మొదటినుండి అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"గప్పుడు మా అవ్వను ఎల్లగొట్టిన్రు. గిప్పుడు ఎవలనో తెచ్చి కూసోబెట్టిన్రు."

"తప్పయిందమ్మా."

"పెద్దోళ్లు, మిమ్ముల నేనేమంట? అవ్వేమో నాతోని, 'నాకే సిగ్గయి గోడ ఎనుకకు పోయిన బిడ్డా' అన్నది. గిన్నేండ్ల సంది అవ్వ మీదనే కోపం పెట్టుకున్న సారూ నేను, నా పక్కపొంటి ఒక్కపారి నిలవడకపాయె గదా అని."

చిక్కుడుకాయల చాట పక్కకు నెట్టి ఆమే అన్నది: "సరె, పటం పోతె పోనీ. మీరు కండ్లార సూసిన్రు గద. నోటితోనన్న చెప్పున్రి. ఎట్ల ఉండె మా అవ్వ? నా లెక్క ఉండెనా?"

బ్రతుకంతా తరగతిగదులలో వర్ణనలు చెప్పినవాణ్ణి, నోరు తెరిచాను. చిరుగు కనబడింది. పచ్చదారం కనబడింది. కుండకు పట్టిన మసి కనబడింది. ముఖం మాత్రం రాలేదు. ఆనాడే కాదు, ఏనాడూ నేనామె ముఖం వంక చూడనే లేదు. ముప్పై అయిదేళ్ల కాలం తుడిచివేసిందని చెప్పుకోవడానికి కూడా వీలులేదు. తుడవడానికి అక్కడ ఏదీ వ్రాసి లేదు.

"యాదికి లేదమ్మా" అన్నాను.

ఆమె చాటను దగ్గరికి లాక్కొని, మళ్లీ చిక్కుడుకాయలు అందుకున్నది. "మూడింటికి బస్సున్నది సారూ" అన్నది.

మాఘ బహుళ దశమి నాడు ఆ చిత్రాన్ని హైదరాబాదులో ప్రదర్శించారు. పటం చూపిన భాగాన్ని నా శిష్యురాలి కోరిక మేరకు తొలగించారు. ఆమె రాలేదు.