సీమ పెట్టెలో తుమ్మ ముక్క

జమ్మలమడుగులో ఆయమ్మ ఇంట ఉన్న పెట్టెను చూసినవాళ్లంతా అచ్చమైన సీమ సరుకంటారు. అందులో ఒక గోరంత ముక్క మన తుమ్మదని చెప్పగలవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను. నేను పోతే ఆ పనితనం కూడా పరదేశపు వడ్రంగికే దక్కుతుంది. అందుకే రాస్తున్నాను. దాంతోపాటు నా తప్పు కూడా రాయక తప్పదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నేను అక్కడి మిషను ఆసుపత్రిలో చీటీలు రాసేవాణ్ణి. పులివెందులలో ఎనిమిదో తరగతితో నా బడి ఆగిపోయింది. తక్కిన చదువంతా సెలవురోజుల్లో బస్సెక్కి వెళ్లి ప్రొద్దుటూరు గ్రంథాలయంలో సంపాదించుకున్నదే.

ఆయమ్మ అదే ఆసుపత్రి వార్డులో ఆయాగా ముప్పయ్యేళ్లు పనిచేసింది. పెద్ద డాక్టరమ్మ స్వదేశానికి వెళ్లిపోతూ తన ఓకు చెక్క పెట్టెను ఆమెకిచ్చింది. డాక్టరమ్మది వేల్సు, ఇంగ్లీషు దొరసాని అంటే ఊరుకునేది కాదు. పెట్టె వాళ్ల అవ్వకు అవ్వ నాటిదట. ముందు పలకలో తెల్ల, నల్ల చెక్కముక్కలు పొదిగి నక్షత్రం చేశారు.

డాక్టరమ్మ బంగళా నుంచి ఎద్దులబండిలో తెస్తుంటే ఆ నక్షత్రం నడిమి ముక్క ఊడి దారిలో ఎక్కడో పడిపోయింది. అది ఏ రంగో ఆయమ్మకు గుర్తు లేదు. ప్రయాణానికి ముందురోజు టీ తాగడానికి వస్తానని డాక్టరమ్మ కబురు పెట్టింది.

"ముప్పయ్యేండ్లు ఒక్క సీసా పగలగొట్టకుండా చేస్తి. ఇచ్చిన వస్తువును వారం గూడా కాపాడల్యాకపోయె అనుకుంటాది" అని ఆయమ్మ అన్నం మానేసింది.

డాక్టరమ్మ వస్తానన్న రోజు పొద్దున్నే నేను ప్రొద్దుటూరు నుంచి ఒక వడ్రంగి సాయిబును పిలుచుకొచ్చాను. ఆయన పక్కనున్న నల్లముక్కను ఉలి అంచుతో గీకి వాసన చూశాడు. ఇది పుట్టు నలుపు కాదు, బురదలో నానిన చెట్టు అన్నాడు. బండిచక్రాల కోసం తుమ్మ మొద్దులను కుంటలో నానబెడితే ఇలాగే నల్లబడతాయట. అంటూనే సంచిలోంచి పాత తుమ్మచెక్క తీసి, కొలత చూసి ముక్క కోశాడు.

నాకు నవ్వొచ్చింది. ఓకు అంటే సిందూర వృక్షమని నిఘంటువులో చూసి కాగితం మీద రాసుకొచ్చాను మరి. సిందూరమంటే ఎరుపు, కాబట్టి చెట్టు ఎర్రదే, పైకి కనిపించే నలుపు పాతబడి వచ్చిందని వాదించాను. ఇంత అందమైన పనికి బురదలో చెట్టు తెచ్చేవాడెవడని ఎగతాళి కూడా చేశాను.

సాయిబు నా కాగితం వైపు చూశాడు. "నాకు అచ్చరాలు రావప్పా. బుక్కులో ఉంటే అదే కరెక్టు అయ్యుంటాది" అని తుమ్మముక్కను సంచిలో వేసుకున్నాడు. ఎర్రచందనం ముక్క కోసి బంకతో అతికించాడు.

ఆయమ్మ కిరస్తానీ. పుట్టినప్పటినుంచి నొసట బొట్టెరగదు. కాసేపు పెట్టెను చూసి, "నాకే లేని బొట్టు దీనికి పెడితిరేందప్పా?" అంది.

ఆ మాట ముగిసేసరికే డాక్టరమ్మ గుమ్మంలో ఉంది. నేరుగా పెట్టె దగ్గరకు వచ్చి ఎర్రముక్క మీద వేలు పెట్టింది. ఆయమ్మ తల వంచుకుంది. తప్పు తనదే అన్నట్టు సాయిబు లేచి నిలబడ్డాడు. ఇక నేను నోరు తెరవక తప్పలేదు. బండి కుదుపుకు ముక్క పోయిందనీ, సాయిబు నలుపే పెట్టబోతే నేనే అడ్డుపడ్డాననీ చెప్పేశాను.

డాక్టరమ్మ ఆ నల్లముక్కను అడిగి తీసుకుంది. దాని సంగతి సాయిబు చెబితే విని, తమ దేశంలోనూ ఇంతేనంది. ఎప్పుడో చిత్తడి నేలల్లో కూలిన ఓకు మానులు బురదలోనే నల్లబడతాయట. వాటిని తవ్వి తీసి ఇలా పొదిగే పనికి వాడతారట. ఆ నక్షత్రంలోని నలుపు అదే, ఊడిపోయిన నడిమి ముక్కా అదేనంది.

సాయిబు నా వైపు చూడను కూడా చూడలేదు. వేడినీళ్ల గుడ్డతో బంకను మెత్తబరిచి ఎర్రముక్క తీశాడు, తుమ్మముక్క దించాడు. అది అచ్చంగా అమరింది.

ఆయమ్మ మాత్రం "కాపాడల్యాకపోతినమ్మా" అని కళ్లు తుడుచుకుంది.

"నా దగ్గర ఉన్నప్పుడే రెండు ఊడిపోయినాయి ఆయమ్మా" అంది డాక్టరమ్మ. "కింద అంచులో చూడు, నల్ల లక్క నింపినాను. ఎవరికీ చెప్పలేదు."

"నేను పొద్దున్నే చూసినాలేమ్మా. చెప్తే బాగుండదని ఊరకుంటి" అన్నాడు సాయిబు.

ఆయమ్మ నవ్వి టీ పెట్టడానికి లేచింది. ఎర్రముక్కను డాక్టరమ్మ రుమాలులో కట్టుకుని తనతో తీసుకుపోయింది.

పేర్లు వద్దని ఆయమ్మ మనవరాలు అడిగింది కనుక పిలుపులతోనే కృతజ్ఞతలు చెప్పుకుంటాను. పెట్టెను మళ్లీ చూడనిచ్చిన ఆ మనవరాలికి, నన్ను నలుగురిలో చిన్నబుచ్చని డాక్టరమ్మకు, ఆ రోజు నాకు కూడా టీ పోసిన ఆయమ్మకు, అందరికన్నా ముందు సాయిబుకు. ఆ నిఘంటువును అడిగినప్పుడల్లా పై అరలోంచి దించి ఇచ్చిన గ్రంథాలయం నౌకరుకు కూడా. అందులో చెట్టు పేరు మాత్రమే ఉంది. రంగు వేసింది నేనే.