డార్కస్ నోటి మాట

నాటకం ఇంకా మొదలవలేదు, కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. కింది బెంచీల మీద జరీ కోటు వేసుకున్న ఒక ప్రభువుగారబ్బాయి నారింజపండు పిండి చూసి, నలుగురికీ వినపడేలా అన్నాడు.

"ఏం ముసలీ, ఇదీ నీ మొహంలాగే ఉందే. చుక్క రసం లేదు."

పండ్లమ్మే డార్కస్ టిబ్బెట్ బుట్ట నడుముకి ఆనించి, ఆ అబ్బాయి చేతివైపు తీరిగ్గా చూసింది.

"పిండే చేతిలో సత్తువ లేనప్పుడు పండునే తిట్టుకోవాలి మరి. ఏం చేస్తారు బాబూ."

బెంచీలన్నీ గొల్లుమన్నాయి. స్నేహితులే వాడి టోపీ లాగి వాడి మొహం కప్పేశారు. నేను ఆ నాటకశాలలో నటీమణులకు బట్టలు తొడిగే దాన్ని. తెర సందులోంచి అంతా చూశాను.

లండన్‌లో పండ్లమ్మేవాళ్ళకేం కొదవ? అయినా జనం డార్కస్ దగ్గరే ఎగబడేవారు. పండుకోసం కాదు, ఆమె చేత ఒక మాట అనిపించుకోవడానికి. మొగుడు పడవవాడు, థేమ్స్ నదిలోనే పోయాడు. పిల్లల్లేరు. ఆమెకి ఉన్న ఆస్తి ఆ నోరొక్కటే.

ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వినవాడు వేదిక పక్కన పెద్దవాళ్ళు కూర్చునే అరలో ఉన్న వెంట్రిస్ దొర. హాస్యనాటకాలు రాసేవాడు. మరుసటి చలికాలం ఆయన కొత్త నాటకంలో ఒక జమీందారిణి విసనకర్ర ఊపుకుంటూ ముసలి సేనాపతితో ఆ మాటే అంది, అక్షరం పొల్లుపోకుండా. నాటకశాల అదిరిపోయేలా నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ డార్కస్ కూడా నవ్వింది.

"విన్నావటే జూడీ? నా మాట పట్టుగౌను తొడుక్కుంది," అంది నాతో.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. ఎవరో పండు బాగోలేదంటే ఎప్పట్లాగే తన మాట తను అంది. ఒక్కరూ నవ్వలేదు.

"పాత మాటే ముసలీ. ఆ నాటకం మేమూ చూశాం," అన్నాడొకడు.

ఇంకో కొత్త మాట అంది. "ఇది ఎన్నో అంకంలోది?" అని పక్కవాడు అడిగాడు. దానికి మాత్రం అందరూ నవ్వారు. అప్పట్నుంచి ఆమె నోరు తెరిస్తే చాలు, అదే ప్రశ్న.

ఒక సాయంత్రం నాటకశాల వెనక ద్వారం దగ్గర వెంట్రిస్ దొరని పట్టుకుంది. నేనూ పక్కనే ఉన్నాను.

"నా మాట నాదేనని ఒక్కసారి వాళ్ళతో చెప్పండి దొరా."

"అదేంటి డార్కస్, నీ మాటకి మంచి బట్టలు కట్టాను. సంతోషించక?"

"బిడ్డకి బట్టలు కట్టినవాళ్ళంతా తల్లులైపోరు దొరా."

ఆయన పెదవులు కదిలాయి, ఏదో వల్లె వేసుకుంటున్నట్టు. ఆ పై నాటకంలో ఆ మాటా వచ్చింది. బట్టలు తొడిగింది నేనే కాబట్టి, ఏ నటి నోట వచ్చిందో కూడా చెప్పగలను.

ఆ తర్వాత డార్కస్ నోరు కట్టేసుకుంది. పండు చేతిలో పెట్టడం, ఇచ్చిన నాణెం తీసుకోవడం, అంతే. మాట లేని డార్కస్ ఎవరికి కావాలి? నాటకశాలలో పండ్లమ్మే గుత్త తీసుకున్నావిడ ఆమెని పనిలోంచి తీసేసింది. ఆ చలికి రొమ్ము పట్టేసి మంచాన పడింది.

నేను గొర్రెమాంసం పులుసు పట్టుకెళితే రెండు గుటకలు తాగి గిన్నె నెట్టేసింది. గొంతు పోయింది, గాలే వస్తోంది.

"శనివారం మళ్ళీ ఆ పాత నాటకమేనటగా?"

"అవును."

"నా బుట్ట అదిగో, ఆ మూల ఉంది. నువ్వు పట్టుకెళ్ళి కింది బెంచీల మధ్య నిలబడాలి."

"నేను తెర వెనక ఉండాల్సినదాన్నే. నా పని పోతుంది."

"పోతుంది. ఊరికే అయ్యే పనైతే ఎవరినైనా అడిగేదాన్ని."

చాలాసేపు దగ్గింది. నా చెయ్యి వదల్లేదు.

"ఇన్నాళ్ళూ నాటకం అన్నాకే నేనన్నానన్నారు కదే. ఆ జమీందారిణి విసనకర్ర ఎత్తుతుంది చూడు, అప్పుడే, అది నోరు తెరవకముందే, నా మాట నువ్వు గట్టిగా అనెయ్. ఆనక అది చెప్పుకోనీ."