అక్షరాలు చదివేదాకా ఆగిన మనిషి

కిందింటి పెద్దాయన పోయిన కబురు ఆయన ఫోన్ నుంచే వచ్చింది. తెర మీద ఆయన పేరు చూసి నేను ఎత్తలేదు. ఆసుపత్రిలో కాస్త తేరుకుని ఉంటారు, మళ్ళీ వాదన మొదలుపెడతారు అనుకున్నాను. రెండోసారి మోగితే ఎత్తాను. అవతల ఒక ఆడగొంతు.

"నేను ఆయన కూతుర్ని. నాన్న ఈ ఉదయం పోయారు. ఫోన్‌లో ఉన్నవి తొమ్మిది నంబర్లే. వరసగా అందరికీ చేస్తున్నాను."

నేను ఏం అన్నానో గుర్తులేదు. కూర దించబోతూ ఫోన్ ఎత్తాను. కూర మాడిపోయింది. అంతవరకే గుర్తుంది.

నేను వరంగల్ నుంచి జర్మనీలోని కెమ్నిట్జ్‌కి మాస్టర్స్ చదవడానికి వచ్చిన ఏడాదే కరోనా వచ్చింది. గుంటూరు అమ్మాయి ఒకతె, నేను కలిసి రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. ఆయన మా కింద ఒంటరిగా ఉండేవారు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, భార్య పోయి చాలా ఏళ్ళయింది. మా తొలి పరిచయం ఒక ఆదివారం. నేను మిక్సీలో ఇడ్లీ పిండి రుబ్బుతుంటే తలుపు కొట్టారు. రెండు మెట్లు కిందికి దిగి నిలబడి, మాస్కులోంచి, "ఈ రోజు ఆదివారం" అన్నారు. అవునన్నాను. "ఆదివారం" అని ఇంకోసారి అని వెళ్ళిపోయారు. ఈ దేశంలో ఆదివారం చప్పుడు చేయకూడదని మాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఆరు నెలలు ఆయన మెట్ల మీద ఎదురైతే నేను గోడకు అతుక్కుని దారి ఇచ్చేదాన్ని.

ఆకురాలే రోజుల్లో మళ్ళీ తలుపు కొట్టారు. ఈసారి మిక్సీ కాదు. "మీరు కంప్యూటర్ చదువుతున్నారట కదా. నా సినిమాలో అక్షరాలు పోయాయి."

కిందికి వెళ్ళి చూస్తే అది జపాన్ సినిమా. డీవీడీ ప్లేయర్‌లో ఏదో నొక్కుడు పడి జర్మన్ సబ్‌టైటిల్స్ ఆగిపోయాయి. అర నిమిషంలో సరిచేశాను. వెళ్ళబోతూ తెర వైపు చూశాను. సముద్రం పక్కన సన్నటి రోడ్డు, వాన, ఒక చిన్న వ్యాను. లోపల పియానోలు శ్రుతి చేసే ముసలాయన, పక్కన పెళ్ళి వదిలేసి పారిపోయి వచ్చిన ఒక యువతి. ఇద్దరూ రేడియో కోసం పోట్లాడుకుంటున్నారు. నేను గుమ్మంలో నిలబడే ఇరవై నిమిషాలు చూశాను. ఆయన లేచి ఒక కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసి, కిటికీ తెరిచి, తను ఆ కిటికీ పక్కకు జరిగి కూర్చున్నారు. అప్పటి నిబంధనల ప్రకారం ఒక ఇంట్లోకి బయటివాళ్ళు ఒక్కరే రావచ్చు. ఆ చలికాలమంతా ఆయనింటికి వెళ్ళిన ఆ ఒక్కరు నేనే.

శనివారం సాయంత్రం ఆరింటికి సినిమా. ఆయన దగ్గర అలాంటివి పదిహేనో ఇరవయ్యో ఉండేవి. అన్నిట్లోనూ ఒకటే తీరు. ఒకరికొకరు బొత్తిగా పొసగని ఇద్దరు ఏదో కారణం చేత ఒకే బండి ఎక్కుతారు. ఒకదాంట్లో లారీ డ్రైవరు ఒకడు పొరపాటున ఒకావిడ కుక్కను గుద్ది చంపుతాడు. ఆ కుక్కకు ఇష్టమైన సముద్రపు ఒడ్డునే దాన్ని పూడ్చాలని ఆవిడ పట్టుబడుతుంది. రెండు రోజుల ప్రయాణం. దారిలో నూడుల్స్ తింటారు, టైరు పంక్చరవుతుంది, ఒకరి పేరు ఒకరు అడగరు. క్షమించానని ఆవిడ ఎక్కడా అనదు. చివర్లో అతను పారతో తవ్వుతుంటే గొడుగు తెచ్చి అతని తలకు పట్టుకుంటుంది, అంతే.

జర్మన్ నాకు ఇంకా కూడబలుక్కుని చదివే దశలోనే ఉంది. సబ్‌టైటిల్ సగం చదివేసరికి మాయమయ్యేది. ఇది ఆయన రెండో శనివారమే కనిపెట్టారు. పొడుగు వాక్యం వచ్చినప్పుడల్లా రిమోట్ నొక్కి సినిమా ఆపేవారు. నా వైపు చూసేవారు కాదు, చూస్తే నాకు సిగ్గని తెలుసు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు. నేను చదివి తల ఎత్తగానే ఎలా తెలిసేదో, మళ్ళీ నడిపేవారు. గంటన్నర సినిమా మాకు రెండున్నర గంటలు పట్టేది. నా జర్మన్‌లో సగం అలా వచ్చిందే.

ఈ సినిమాలే ఎందుకని ఒకసారి అడిగాను.

"బెర్లిన్ గోడ పడిపోయాక టూరిస్టు బస్సు నడిపాను. అన్ని దేశాలవాళ్ళూ ఎక్కారు. ఒక జపాన్ బృందం మాత్రం వారం రోజులూ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నాకు తల వంచి నమస్కారం పెట్టింది. అంతవరకు ఎవరూ డ్రైవరు ముఖం చూడలేదు. వాళ్ళ సినిమాల్లో బండి తోలేవాడు ఎలా ఉంటాడో చూద్దామనిపించింది."

రిమోట్ చేతిలోకి తీసుకుని మళ్ళీ అన్నారు. "వీటిల్లో ఎవరూ మారిపోరు, చూశారా? పక్కవాడికి చోటివ్వడానికి కొంచెం జరుగుతారు. అంతకన్నా ఎక్కువ ఎవరివల్ల అవుతుంది?"

మరుసటి ఎండాకాలం, మన దగ్గర రెండో అల నడుస్తుండగా, మా మేనమామ వరంగల్‌లో పోయాడు. నలభై ఆరేళ్ళు. మూడు ఆసుపత్రులు తిప్పారు, ఎక్కడా బెడ్డు దొరకలేదు. టైలరు పని చేసేవాడు. పదో తరగతి దాకా నా బట్టలన్నీ ఆయన కుట్టినవే. విమానాలు లేవు, ఉన్నా వెళ్ళి చేసేది లేదు. నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే కిందింటి తలుపు తెరుచుకుంది. ఏమైందని ఆయన అడిగారు, చెప్పాను. లోపలికి వెళ్ళి కారు తాళాలతో వచ్చారు.

"రండి."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు."

నేను వెనక సీట్లో, ఇద్దరికీ మాస్కులు, అద్దాలన్నీ దించి. దక్షిణంగా కొండల వైపు పోనిచ్చారు. రెండు గంటలు చిన్న రోడ్ల మీద తిప్పారు. ఒక ఊళ్ళో ఆపి రెండు బన్నులు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టారు. "తినండి. తర్వాత మళ్ళీ ఏడవొచ్చు." తిన్నాను. చెక్ సరిహద్దు దగ్గర పోలీసులు ఆపి టెస్ట్ కాగితం అడిగితే, లేదని చెప్పి బండి వెనక్కి తిప్పారు. తిరుగుదారిలో అద్దంలోంచి అడిగారు.

"మీ మామ ఏం పని చేసేవారు?"

"టైలరు. నేను వేసుకున్న ఈ టాప్ కూడా ఆయన కుట్టిందే."

తర్వాత ఎర్రలైటు పడ్డప్పుడు వెనక్కి తిరిగి నా భుజం దగ్గరి కుట్టు చూశారు. చాలాసేపు చూశారు.

"కుట్టు తిన్నగా ఉంది" అన్నారు.

మామ పోయినందుకు నాకు ఎందరో సానుభూతి చెప్పారు. మామ పనిని చూసింది ఆయనొక్కరే.

ఆ రోజు ఇల్లు చేరాక, ఇకనుంచి ఒకరినొకరు 'నువ్వు' అనుకుందామన్నారు. ఇక్కడ అది పెద్దవాళ్ళు ముందుగా ఇచ్చే గౌరవం. తాత వయసు మనిషిని నువ్వు అనడానికి నాకు వారం రోజులు నోరు రాలేదు. వచ్చాక బాగుంది.

ఇక్కడితో ఆపితే ఇది ఆయన దగ్గరి సినిమాల్లాగే ఉంటుంది. కానీ ఆ సినిమాలు ఒక సంగతి చెప్పవు. వాటిలో స్నేహం రెండు రోజులు, మహా అయితే నాలుగు రోజులు. ప్రాణం మీదికి వచ్చే విషయంలో మాట తేడా రాకముందే దారి అయిపోతుంది. దారి అయిపోయాక కూడా పైనా కిందా బతకాల్సినవాళ్ళ మాటేమిటి?

ఆయన టీకా వేయించుకోలేదు. నాకు తెలియడానికి నెలలు పట్టింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఎప్పుడో వేయించుకునే ఉంటారనుకున్నాను. మా అమ్మ ఫోన్లో అడిగేది.

"గా కిందింటాయన ఎట్లున్నడు బిడ్డా? సూది ఏస్కున్నడా?"

"ఏస్కుని ఉంటడమ్మా."

"అడుగు ఓపాలి. ఈడ మేం పొద్దుగాల్నే పోయి లైన్ల నిలవడ్డం."

చలి మొదలయ్యాక ఒక శనివారం, సినిమా పెట్టే ముందు అడిగాను. లేదన్నారు. వేయించుకోనన్నారు. నేను టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసిస్తాను, తోడు వస్తాను అన్నాను.

"టెర్మిన్ కాదు విషయం. గోడ పడేదాకా, నాకు నలభై రెండేళ్ళు వచ్చేదాకా, ఎక్కడికి పోవచ్చో, ఏది నమ్మాలో ఈ తూర్పు జర్మనీలో ప్రభుత్వమే చెప్పింది. అన్నిటికీ సరేనన్నాను. ఇంక ఎవరూ నాకు చెప్పొద్దు."

"నేను ప్రభుత్వం కాదు."

"తెలుసు. అందుకే నువ్వు కూడా చెప్పొద్దు."

నాకు మామ గుర్తొచ్చాడు. బెడ్డు కోసం తిరిగిన మూడు ఆసుపత్రులు గుర్తొచ్చాయి. మా వాడకట్టులో మొదటి డోసు కోసం తెల్లారకముందే చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డవాళ్ళు గుర్తొచ్చారు. ఈయనకు టీకా నడిచిపోయేంత దూరంలో ఉంది, వద్దంటున్నారు.

"అయితే మీరు చావండి. నేను రాను" అన్నాను.

'మీరు' అన్నాను. ఈ దేశంలో ఒకసారి నువ్వు అయ్యాక మళ్ళీ మీరు అవరు. చావమన్నందుకంటే ఆ మీరుకే ఆయన ముఖం ఎక్కువ పాలిపోయింది. జర్మన్‌లో నాకు వచ్చినవన్నీ సూటి వాక్యాలు. మెత్తగా కోప్పడటం ఏ క్లాసులోనూ చెప్పరు. తెలుగులో అయితే అదే కోపంలో "నీకేమన్నా అయితే నేనేం కావాలి" అని ఉండేదాన్నేమో. ఆ మాట ఇన్ని నెలలుగా నాలోనే నానుతోంది. ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

తర్వాతి శనివారం మా తలుపు కింద చీటీ ఉంది. "ఆరింటికి. కొత్త సినిమా." నేను వెళ్ళలేదు. ఆ పై వారమూ చీటీ వచ్చింది. మూడో వారం రాలేదు.

దాదాపు నెల గడిచాక కింది నుంచి దగ్గు వినపడటం మొదలైంది. రెండు రోజులు విని, మూడో రోజు మిరియాల చారు డబ్బాలో పోసి తీసుకెళ్ళి తలుపు కొట్టాను.

"నువ్వా?" అన్నారు లోపల్నుంచి.

"అవును. డాక్టరు దగ్గరికి వెళ్ళారా?" నా నోట మళ్ళీ మీరే వచ్చింది. ఈసారి కావాలని కాదు, అలవాటు తప్పింది.

"జలుబే. వచ్చేవారం టెర్మిన్ ఉంది. అక్కడ పెట్టి దూరంగా వెళ్ళు, నీకు అంటుకుంటుంది."

డబ్బా పెట్టి పైకి వచ్చేశాను. తలుపు తెరవమని అడగలేదు. ఎందుకు అడగలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. అంటుకుంటుందన్న భయం కొంత, పంతం కొంత. ఏది ఎంతో తేల్చుకోలేకపోయాను.

రెండు రోజుల తర్వాత యూనివర్సిటీ నుంచి వచ్చేసరికి నా రూమ్మేట్ మెట్ల దగ్గరే ఉంది.

"ఒసే, అంబులెన్స్ వచ్చిందే. కిందింటాయన్ని తీసుకెళ్ళిపోయారు. నీకు ప్రొఫెసర్‌తో టెర్మిన్ ఉందన్నావుగా, అందుకే ఫోన్ చెయ్యలేదు."

"నడిచి ఎక్కారా?"

"నడిచే వెళ్ళాడు. దారికి అడ్డంగా ఉన్న చెత్త డబ్బా మాకోసం పక్కకి జరిపి మరీ వెళ్ళాడు. ఫోన్ చెయ్యవే ఒకసారి."

రేపు చేద్దాం, కాస్త తగ్గనీ అనుకుంటూ నాలుగు రోజులు గడిపాను. అయిదో రోజు ఆయన కూతురు చేసింది.

అస్థికల పాత్రను పూడ్చింది జనవరిలో. ఇక్కడ దహనానికీ దీనికీ మధ్య వారాలు గడుస్తాయి. మంచులో ఏడుగురం దూరం దూరంగా నిలబడ్డాం. పాత బస్సు డ్రైవర్లు ముగ్గురు, మా ఇంటి ఎదురు ఫ్లాటు దంపతులు, కూతురు, నేను. అంతా కలిపి పావుగంట. అందరూ వెళ్ళిపోయాక కూతురూ నేనూ బయట బస్టాపులో మిగిలాం. ఆమెకు యాభై దాటి ఉంటాయి. హాంబర్గ్ నుంచి రైల్లో వచ్చింది. తండ్రితో క్రిస్మస్‌కి తప్ప మాటలు లేవని ఆయనే ఒకసారి చెప్పారు, ఎందుకో చెప్పలేదు.

"మీరు నాన్నతో సినిమాలు చూసిన అమ్మాయి కదా" అంది.

అవునన్నాను. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను. టీకా సంగతి, నేనన్న మాట, మీరు అనడం, వెళ్ళని శనివారాలు, అన్నీ చెప్పాను. ఇంత పొడుగ్గా జర్మన్‌లో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. తప్పులు దొర్లుతున్నాయని తెలుస్తూనే ఉంది.

"నేనూ అన్నాను. అదే మాట. ఫోన్‌లో" అంది చివరికి.

నన్ను ఓదార్చలేదు. తప్పు నాది కాదని అనలేదు. నేనూ ఆమెతో అనలేదు. ఇద్దరం ఒకే మాటతో ఆయన్ని పంపించామని తెలిసి చలిలో అలాగే నిలబడ్డాం.

బస్సు వచ్చింది. మాస్కులు సర్దుకుని ఎక్కి, నడవకు అటొకరం ఇటొకరం కూర్చున్నాం. వేడికి కిటికీలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. ఆమె కోటు చేత్తో తన పక్క అద్దం తుడుచుకుని కాసేపు బయటికి చూసింది. తర్వాత లేచి, బస్సు ఊగుతుంటే కమ్మీ పట్టుకుని, నా ముందుగా వంగి నా పక్క అద్దం కూడా తుడిచింది. వెళ్ళి తన సీట్లో కూర్చుంది. బయట మంచు కురుస్తూనే ఉంది.