బత్తాయి తొక్క కేకు

నా భార్య వినోద చివరగా చేసిన పని కుక్కర్ కడగడం. ఆదివారం పొద్దున కేకు దించి, అడుగున పోసిన ఉప్పును చల్లారాక డబ్బాలోకి ఒంపి, మూతలోంచి తీసి పెట్టిన రబ్బరును కిటికీ మేకుకు తగిలించింది. మధ్యాహ్నం తిని పడుకుంది. నిద్రలోనే గుండె ఆగిపోయింది. సాయంత్రం చాయ పెట్టి లేపడానికి నేను వెళ్లేటప్పటికి కూడా ఇంట్లో బత్తాయి వాసన ఉంది.

ఆమె పుట్టింది షామీర్‌పేట్ దగ్గరి లాల్‌గడి మలక్‌పేట్‌లో. వాళ్ల నాయిన ద్రాక్ష తోటల్లో పందిళ్లు కట్టేవాడు. ఇప్పుడక్కడ అన్నీ ప్లాట్లు. బస్సులో అటు వెళ్తుంటే కిటికీకి తల ఆనించి, "గా హద్దురాళ్లు సూడు, అన్నీ మా పందిరి రాళ్లే" అనేది. ఆ తర్వాత కళ్లు మూసుకునేది. ఎర్రటి ఎండలో ఆ ఉత్త రాళ్ల మీదికి తీగలు పాకించుకుని, ఆకుల నీడలో ఎక్కడికో నడిచి వెళ్లిపోయేది. షామీర్‌పేట్ చెరువు గాలి తగిలాక మెల్లగా తిరిగి వచ్చేది.

దూలపల్లిలో మందుల సీసాలకు లేబుళ్లు అంటించే చిన్న కంపెనీలో ఆమె పని. వ్యాన్ పొద్దున్నే వచ్చేది. నిలబడే చాయ తాగి ఉరికేది.

మొన్నటి చలికాలం మా అమ్మ యాదవ్వకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ నాలుక రుచి తిరిగి రాలేదు. ఏది పెట్టినా "మన్ను బుక్కినట్టున్నది" అని పళ్లెం నెట్టేసేది. బీపీ గోళీ ఖాళీ కడుపున వేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గోళీ పడని రోజు అమ్మ గోడ పట్టుకుని నడిచేది. ఎట్లాగైనా పొద్దున అమ్మ చేత నాలుగు ముద్దలు తినిపించాలి. వినోదకు అదే ధ్యాస అయింది. ఉప్మా, జావ, అటుకులు అన్నీ అయ్యాక ఫోన్‌లో చూసి పండ్ల కేకుకు దిగింది. రవ్వ, పెరుగు, చక్కెర, నల్ల ద్రాక్ష ముక్కలు కలిపింది. సంత్ర తొక్క తురమమని వీడియోలో ఉంది. ఇంట్లో బత్తాయిలున్నాయి. రెండూ ఒక్కటే కదా అనుకుని, లోపలి తెల్ల పొరతో సహా తురిమేసింది.

నేను నోట్లో పెట్టుకుని, "ఏందే ఇది, యాపాకు గిట్ల ఏసినవా?" అన్నాను.

"కాకరకాయ కేకు. మీ ఖాందాన్‌ల ఎవ్వలన్న తిన్నరా?" అని తనే పడీపడీ నవ్వి, పారేయడానికి గిన్నె తీసింది.

"ఆగు పిల్లా," అంది అమ్మ మంచం మీంచి. "ఇంకో ముక్క పెట్టు. గీ సేదు నాలికెకు తగుల్తాంది."

వినోద గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "నిజంగనా అత్తమ్మా?"

"నువ్వు సుత కూసో. ఒక్కదాన్నే తింటే నాకు దిగది."

అప్పట్నుంచి ఆ పొరపాటునే కావాలని చేసేది. తెల్లవారుజామున పొగమంచులో వీధి లైట్లు కరిగిపోతుంటే, వంటింటి కిటికీ అద్దం మీద ఆవిరి పట్టేది. ఆమె స్టవ్ ముందు అరమోడ్పు కళ్లతో నిలబడేది. వాసన వాకిలి దాకా పాకితే కేకు అయినట్టు. ఆ సగం నిద్రలో మా చిన్న ఇంటి పైన ఏదో పందిరి అల్లుకుంటున్నట్టు నాకనిపించేది. తర్వాత అత్తా కోడలూ మంచం అంచున కూర్చుని, చాయలో ముంచుకుని తినేవాళ్లు. వ్యాన్ హారన్ కొడితే అమ్మ, "కొట్టుకోనియ్యి, ఆని బండి యాడికి పోతది" అనేది.

వినోద పోయిన నెల రోజులకు నేను ఆ కేకు చేశాను. అమ్మ మళ్లీ పొద్దున తినడం మానేసింది, అందుకని. బత్తాయి తొక్క తెల్ల పొర దాకా తురిమాను. అడుగు కొంచెం మాడింది కానీ వాసన అదే. అమ్మ ఒక ముక్క కొరికి, నమిలి, పళ్లెం నా వైపు జరిపింది.

"సేదు సరిపోలేదానే?" అన్నాను.

అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"నాకు సేదు సుత ఎన్నడు తెల్వలే కొడుకా. పిల్ల ఉత్త చాయ తాగి పనికి పోయేది. నేనడిగితెనన్న కూసోని ఇంత తింటదని అడిగిన."