ఉప్పు చూడటం తినడం కాదా?

నాకు యాభై దాటాక అక్షరాలొచ్చాయి. అందుకే ఏం రాసినా పదిమందికీ గట్టిగా చదివి వినిపిస్తాను. మొన్నటి వేసవిలో ఆ గొప్పే నా పరువు తీసింది.

బీపీ ఎక్కువైందని కోడలు నన్ను కాజీపేటలో డాక్టరుకు చూపించింది. ఆయన ఒక గోలీ రాసి, ఉప్పు తగ్గించమన్నాడు.

"మిగులు ఉప్పును బయటికి పంపేవి కిడ్నీలేనమ్మా. రోజూ మోతాదు మించితే వాటి వల్ల కాదు. ఉప్పు నిలిస్తే దాని వెంట నీళ్లూ నిలుస్తాయి, రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి మళ్లీ కిడ్నీలనే పాడుచేస్తుంది."

నెలలో తగ్గకపోతే రెండో గోలీ తప్పదన్నాడు. నోట్లో పెట్టిన ప్రతిదీ రాసి తెమ్మన్నాడు.

మాది మగ్గాల ఇల్లు. వయసులో ఉన్నప్పుడు చెమటలు కారుతూ నేసి, గంజిలో ఇంత ఉప్పేసుకుని తాగేదాన్ని. ఇప్పుడు ఫ్యాన్ కింద కూర్చుని అంతే ఉప్పు తింటే అది ఎటు పోవాలి? డాక్టరు మాట న్యాయంగానే తోచింది. కోడలు నా కూర వేరే గిన్నెలో వండింది. భోజనంలో తొక్కు పచ్చడి, అప్పడం మానేశాను.

నెల తిరిగేసరికి బీపీ ఇంకా ఎక్కింది. రెండో గోలీకి డాక్టరు ఇంకో నెల గడువిచ్చాడు. దవాఖాన మెట్ల మీదే కోడలిని పట్టుకున్నాను.

"నిజం చెప్పు. రెండు కూరలొండుడు బరువై, అందరిదే నాకు పెట్టినవ్ గదా?"

"ఒట్టు అత్తమ్మా! నీ గిన్నెల ఉప్పు చిటికెడు గూడ ఎక్కువెయ్యలే."

నేను నమ్మలేదు. పిల్ల మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నాలుగో రోజు, తప్పు నాది కాదని చూపించాలని నా నోటుబుక్కు తీసి ఆమె ముందు చదవడం మొదలుపెట్టాను. సగంలో ఉండగానే పక్కింటామె గిన్నెతో వచ్చింది. అది మామిడికాయ తొక్కు పెట్టే కాలం. తొక్కు పెట్టిన మూడో రోజు తిరగ కలిపాక మా వాడంతా నాకే రుచి చూపిస్తుంది.

"అక్కా, జర ఉప్పు సూడు. నువ్వు సూడంది జాడికి బట్ట గట్టబుద్ధి గాదు."

అలవాటుగా వేడి అన్నంలో కలిపి నోట్లో పెట్టుకున్నాను. "ఇంకో పిడికెడు పడాలె" అన్నాను.

కోడలు బుక్కు వైపు చూసింది. "అత్తమ్మా, ఇది రాసినవా?"

"ఉప్పు సూసుడు తినుడెట్లయితది?"

"రోజుకెన్నిండ్లది సూస్తానవ్?"

రెండు, మూడు. ఒక్కోరోజు నాలుగు. ఒక్క ముద్దతో తెలియకపోతే రెండో ముద్ద. ఉపవాసం నాడు కూడా చూసేదాన్ని. రుచి చూడటం తిండి కిందికి రాదని మా అమ్మ చెప్పింది, ఆమెకు వాళ్లమ్మ చెప్పింది. కిడ్నీలకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

పక్కింటామె గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"తప్పు నాదేనే" అని గొణిగాను.

"గట్ల గాదు. మెట్ల మీద పదిమంది ముంగట అన్నవ్. జర గట్టిగ చెప్పు."

చెప్పాను. వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి చూశారు.

ఆ సీజన్‌లో మిగిలిన జాడీలన్నీ కోడలే చూసింది. మరుసటి నెల బీపీ దిగింది, రెండో గోలీ రాయలేదు. "ఏం మార్చారమ్మా?" అని డాక్టరు నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు కోడలు అందుకుని, అత్తమ్మ ఎన్ని ఇళ్ల తొక్కు తిన్నదో, ఎవరిని తిట్టిందో మొత్తం చెప్పేసింది. చెప్పనిచ్చాను.